వాకిట్లో ఒక జత జోళ్ళు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: తాతయ్య నెజీబ్ ఎఫెండి, సూఫీ దర్వేషుల మఠమైన తకియాకి గురువు. అమ్మమ్మ, మోకాళ్ళకి వేడి ఇసుక మూటలు కట్టుకుని. మురువ్వెత్ పిన్ని. పెరటికి అవతల, తకియా వంటశాలలో అక్కడి పెద్ద హులూసీ దేదె, ఆయన చేతికింద నలుగురు దర్వేషులు, సిద్కీ. నేను. పిల్లి కూడా ఉంది గానీ పిల్లిని రాయక్కర్లేదని మా పంతులుగారు అనేవారు.

డైరీ రాయడం నేర్పింది ఆయనే. "ముందు ఇంట్లో ఎవరెవరున్నారో రాయండి. తర్వాత ఏం జరిగిందో రాయండి. అప్పుడు అబద్ధం రాయడం కష్టమవుతుంది" అనేవారు. కష్టమే, కానీ కుదరకపోలేదు. అక్టోబరు చివరి మంగళవారం నా డైరీలో ఈ పేర్లన్నీ ఉన్నాయి. వాటి కింద, "వాన. గసగసాల రొట్టెలు చేశాం" అని ఉంది. అంతే.

జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

ఊళ్ళో బడి అయిపోయిందని, అమ్మమ్మకి మోకాళ్ళు సహకరించడం లేదని, నాన్న నన్ను సెప్టెంబరులో తాతయ్యా వాళ్ళుండే కారాహిసార్‌కి పంపాడు. అప్పటిదాకా తకియా అంటే నాకు పండగలకి వచ్చిపోయే ఇల్లే. అక్కడికి వచ్చిన రోజు, గాలికి తలుపు కొట్టుకుంటోందని, "పిన్నీ, తలుపు మూసెయ్యనా?" అన్నాను. అమ్మమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది.

"ఆ మాట అనకూడదమ్మా ఇక్కడ. దేవుడు ఎవరి తలుపూ మూయకూడదని కోరుకునే ఇల్లు ఇది. 'దగ్గరగా వెయ్యనా' అని అడుగు."

"మరి దీపం ఆర్పాలంటే?"

"దీపాన్ని నిద్రపుచ్చుతాం" అంది పిన్ని. "కుండ పగిలితే మాత్రం పగిలిందనే అంటాం. నీకు ఆ మాట ఎక్కువ పనికొచ్చేలా ఉంది."

నిజమే. మొదటి వారంలోనే రెండు పగలగొట్టాను. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. ఎదుటివాళ్ళు ఏదైనా అడిగితే ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత జవాబు తోచేది. అప్పటికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

సిద్కీ మీద నాకు గౌరవం కలగడానికి కారణం ఒక రాయి. పెరట్లో బావి గట్టు మీద డైరీ మరిచిపోయి లోపలికి వచ్చాను. గుర్తొచ్చి పరుగెత్తుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి, నీళ్ళ కోసం వచ్చిన అతను దాన్ని చూశాడు. గాలికి పేజీలు తెరుచుకుంటున్నాయి. అతను తల పక్కకి తిప్పుకుని, చేత్తో తడుముతూ అట్ట మూసి, గట్టు పక్కనుంచి ఒక రాయి తీసి దాని మీద పెట్టాడు. బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో నా అన్నలు నా పుస్తకాన్ని లాక్కుని అందరికీ వినిపించేలా చదివేవాళ్ళు. చూడకుండా ఉండడానికి తల తిప్పుకున్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

అతనికి ఇరవై రెండేళ్ళు. ఉన్ని తడిపి, తొక్కి, దళసరి బట్ట చేసే ఇంటివాడు. దర్వేషులు నెత్తిన పెట్టుకునే పొడుగాటి టోపీలు చేసేది ఆ ఇంట్లోనే. కాబోయే దర్వేషు వంటశాలలో వెయ్యిన్నొక్క రోజులు సేవ చెయ్యాలి. నీళ్ళు మోయాలి, అంట్లు తోమాలి, వాకిళ్ళు ఊడవాలి. అన్ని రోజుల్లో ఒక్క రాత్రి కూడా బయట పడుకోకూడదు. పడుకుంటే అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే. మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలు. అన్నీ పూర్తయితే అతన్ని 'దేదె' అంటారు, ఒక గది ఇస్తారు, తల మీద టోపీ పెడతారు. సిద్కీకి ఆ మంగళవారం తొమ్మిది వందల ఎనభై మూడో రోజు. ఇంక పద్దెనిమిది మిగిలాయి. ఆ లెక్క తకియాలో పిల్లికి కూడా తెలుసు.

తెల్లవారినప్పటి నుంచీ వాన పడింది. రొట్టెలు దించాక పిన్ని గంప నా చేతికిచ్చి, "వంటశాల గడప దగ్గర పెట్టి వచ్చెయ్. లోపలికి తొంగిచూడకు, జపంలో ఉంటారు" అంది.

గడప బయట ఆరు జతల జోళ్ళు ఉన్నాయి. అన్నిటి ముక్కులూ లోపలి వైపే. ఐదు జతలు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున్నే బావి దగ్గర బురద తొక్కినవాడివి మాత్రం మడమల దాకా మట్టి. ఎవరివో నాకు తెలుసు.

మా ఊళ్ళో ఇంటికి పెద్దలు వస్తే, వాళ్ళు లోపల కూర్చున్నప్పుడు జోళ్ళు తుడిచి, ముక్కులు బయటికి తిప్పి పెట్టడం ఆడపిల్లల పని. లేచి రాగానే కాళ్ళు దూర్చి వెళ్ళిపోవచ్చు. ఒంగక్కర్లేదు. ఎవరు తిప్పారని ఎవరూ అడగరు. నోరు తెరవకుండా మర్యాద చెయ్యడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

గంప దించాను. కొంగుతో బురద తుడిచాను. తుడిచాక వాటిని బయటికి తిప్పి, రెంటినీ సమంగా సర్ది పెట్టాను. మిగతా ఐదు జతలు ముట్టుకోలేదు. ఎవరూ చూడలేదని సంతోషపడుతూ ఇంట్లోకి వచ్చాను. ఆ గంటసేపు నేను పాట కూడా పాడుకున్నట్టు గుర్తు.

మధ్యాహ్నం భోజనానికి పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. పిన్ని చారు పోస్తూ, "సిద్కీ వెళ్ళిపోయాడట" అంది.

అమ్మమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. "ఎక్కడికి?"

"ఎక్కడికేంటమ్మా! జోళ్ళు తిప్పి ఉన్నాయట. జపం ముగించి బయటికి వచ్చాడు, చూశాడు. నడుముకున్న గుడ్డ విప్పి మడతపెట్టి, గడపని ముద్దుపెట్టుకుని, జోళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయాడట. ఒక్క మాట లేదు."

"ఇంకా పద్దెనిమిది రోజులే కదే! ఏం చేశాడని?"

"ఎవరికి తెలుసు? హులూసీ దేదె మొహం చూడాలి. పది మందికి ఐదు గంపల ఉల్లిపాయలు తరుగుతున్నాడట. ఎవరన్నా పలకరిస్తే ఘాటు అంటున్నాడట."

"జోళ్ళు తిప్పితే ఏమవుతుంది?" అన్నాను.

పిన్ని నవ్వింది. "నీకెవరూ చెప్పలేదా? తకియాలో ఎవర్నీ 'పో' అనరు. జోళ్ళ ముక్కులు వీధి వైపు తిప్పుతారు. అంతే. ఎందుకని వాడు అడగకూడదు, ఎవరు తిప్పారని మిగతావాళ్ళు అడగకూడదు. అరవడాలు, తిట్టుకోవడాలు లేవు. మీ ఊరి పంచాయితీల్లా కాదు."

"మరి మళ్ళీ పిలవరా?"

"పొద్దుగూకే లోపల దేదె మనసు మారి పిలిస్తే రావచ్చు" అంది అమ్మమ్మ. "రాత్రి బయట గడిచిందంటే ఇంకంతే. మూడేళ్ళ కష్టం నీళ్ళపాలు." తర్వాత చెంచా పక్కన పెట్టి, "తినవే, ఏంటలా చూస్తున్నావ్? చల్లారిపోతోంది" అంది.

నేను తిన్నాను. అది కూడా రాయాలి. చారు మొత్తం తాగి, రొట్టె ముక్కతో గిన్నె తుడిచి మరీ తిన్నాను. చెప్పడానికి నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలిసి, దాన్ని తిండితో నింపాను.

చెప్పడానికి ఒక్క మాట చాలు: నేనే తిప్పాను. కానీ ఆ మాట వెనకాలే ఇంకో ప్రశ్న నిలబడి ఉంది. ఆరు జతలుంటే ఆ ఒక్కటే ఎందుకు? పిన్ని అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది. ఊళ్ళో నాన్నకి తెలుస్తుంది, అన్నలకి తెలుస్తుంది. ఆ ప్రశ్నని తలుచుకుంటేనే నా మొహం కాలిపోయింది.

మేడ మీది కిటికీకి చెక్క జల్లెడ ఉంటుంది. లోపలివాళ్ళకి వీధి కనపడుతుంది, వీధికి లోపలివాళ్ళు కనపడరు. వీధి మలుపులో రాతి కుళాయి ఉంది. దాని మెట్టు మీద సిద్కీ కూర్చుని ఉన్నాడు, మూట ఒళ్ళో పెట్టుకుని. ఇంటికి వెళ్ళలేదు. మా వీధి గుమ్మం వైపే చూస్తున్నాడు. వాన వెలిసింది, మళ్ళీ పట్టుకుంది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు అతని పక్కనుంచి ఒదిగి వెళ్ళారు. ఒకావిడ గొడుగు ఇవ్వబోతే వద్దని తల ఊపాడు.

మూడోసారి కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చాక, తాతయ్యకి చేతులు కడుక్కోడానికి నీళ్ళు తీసుకెళ్ళే వేళ అయింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. చేతిలో పుస్తకం తెరిచి ఉంది గానీ చదవడం లేదు. నేను నీళ్ళు పోస్తుంటే, "నీళ్ళు పక్కన పడుతున్నాయేం? చలా?" అన్నాడు.

"ఊఁ."

"ఏమన్నా చెప్పాలా, తల్లీ?"

ఆయన మామూలుగానే అడిగాడు. నేను చెంబు వైపు చూస్తూ, "లేదు తాతయ్యా" అన్నాను.

ఊరి మధ్యనున్న నల్లకొండ నీడ ఇళ్ళ మీదికి వచ్చింది. పొద్దుగూకే అజాన్ వినపడింది. సిద్కీ లేచాడు. మా గుమ్మం వైపు తల వంచి, మూట భుజానికెత్తుకుని, వెనక్కి తిరిగి నడిచాడు. జోళ్ళు మళ్ళీ బురదయిపోయాయి.

నవంబరు పద్నాలుగున అతని వెయ్యిన్నొక్క రోజులు నిండాల్సింది. ఆ పొద్దున వీధి తలుపు ఎవరో తట్టారు. తీస్తే ఒక పెద్దాయన. వేళ్ళ గోళ్ళలో ఉన్ని నలకలు. చంకలో తెల్లగుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు.

"నెజీబ్ ఎఫెండి గారున్నారా అమ్మా? సిద్కీ తండ్రిని."

తాతయ్య వచ్చేదాకా కూర్చోమంటే కూర్చోలేదు. తాతయ్య రాగానే, గుడ్డ విప్పకుండానే అందులోని టోపీని రెండు చేతులా అందించాడు.

"ఇది మా వాడి కోసం నా చేత్తో తొక్కింది. ఇంట్లో ఉంచుకుంటే వాళ్ళమ్మ మాటిమాటికీ తీసి చూస్తోంది. తప్పేంటని అడగనండి. అడగకూడదట, తెలుసు. కాకపోతే..." ఆగాడు. "వాడు ఇంట్లో మాట్లాడ్డం లేదు. ఏదో ఒకటి చెప్పి తిడితే బాగుండేదేమో. తిట్టించుకున్న పిల్లలు బాగానే ఉంటారు, నా చేత ఎన్ని తిన్నాడో!"

నవ్వబోయాడు. కుదరలేదు. తాతయ్య టోపీని అందుకుని ముద్దుపెట్టుకున్నాడు. నేను తలుపు పక్కన, చెయ్యి గడియ మీద పెట్టుకుని నిలబడి ఉన్నాను. మా ముగ్గురిలో కారణం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన వెళ్తూ, "చల్లగా ఉండు తల్లీ" అని నన్ను దీవించాడు.

ఆ రోజు డైరీలో ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు కూడా రాయలేకపోయాను.

నెలాఖరుకి రాజధాని అంకారాలో కొత్త ప్రభుత్వం చట్టం చేసింది. దేశంలోని తకియాలన్నీ మూసెయ్యాలని. మూసెయ్యాలి అనే మాటని హులూసీ దేదె పత్రికలోంచి పైకి చదవలేక, ఆ చోట దగ్గి, తర్వాతి వాక్యం అందుకున్నాడు.

డిసెంబరులో ఇద్దరు గుమాస్తాలు వచ్చారు. తివాచీలు, వేణువులు, కాగులు, అన్నీ రాసుకున్నారు. మర్యాదస్తులే. జోళ్ళు విప్పాలా అని గడప దగ్గర అడిగారు కూడా. వంటశాలలో పెద్ద కాగు చూసి చిన్న గుమాస్తా, "దీన్ని బయటికి ఎలా తీసుకెళ్ళాలండీ?" అన్నాడు.

"నాకూ తెలీదు బాబూ" అన్నాడు దేదె. "నలభై ఏళ్ళ కింద నేనొచ్చేసరికే అది లోపలుంది. దాని చుట్టూ గోడలు కట్టారనుకుంటా."

లక్క ముద్రలు వేసి వాళ్ళు వెళ్ళిపోయారు. దర్వేషులు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళారు. మా ఇల్లు మాత్రం మాకు ఉంచారు. దేదెకి వెళ్ళడానికి ఊరు లేదు కాబట్టి తాతయ్య గదిలోనే పరుపు వేశాం.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ కాఫీ తీసుకెళ్ళాను. గుమ్మంలో ఉండగా తాతయ్య గొంతు వినపడింది.

"హులూసీ, ఇంక అడగొచ్చనుకుంటా. నేనిప్పుడు గురువునీ కాదు, నువ్వు వంటశాల పెద్దవీ కాదు. ఇద్దరు ముసలాళ్ళం. ఆ కుర్రాణ్ణి ఎందుకు పంపావు?"

దేదె తల ఎత్తాడు. "నేను పంపడమేంటి?"

"జోళ్ళు తిప్పింది..."

"మీరు తిప్పించారనుకున్నాను. మీకేదో తెలిసే ఉంటుందని నోరు మూసుకున్నాను. నేనెందుకు పంపుతానండీ వాణ్ణి? నా చేతికింద అలాంటివాడు ఇంకొకడు రాలేదు!"

నా పళ్ళెంలో కప్పులు చప్పుడు చేస్తున్నాయి. ఆపాలని చూశాను, ఆగలేదు. తాతయ్య ఆ చప్పుడు వైపు తిరిగాడు. నా చేతుల్నే చూశాడు.

"పళ్ళెం కింద పెట్టు, హాజెర్."

పెట్టాను.

"మీ ఊళ్ళో అతిథులొస్తే జోళ్ళు ఎటు తిప్పి పెడతారు?"

"బయటికి, తాతయ్యా."

"ఎన్ని జతలు తిప్పావు?"

"ఒక్కటే."

నేను భయపడ్డ ప్రశ్న ఆయన అడగలేదు. వేరేది అడిగాడు.

"తిప్పితే ఏమవుతుందో నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. మధ్యాహ్నం భోజనం దగ్గర."

హులూసీ దేదె అరచేత్తో మొహం కప్పుకున్నాడు. తాతయ్య కాఫీ కప్పు తీసుకున్నాడు, తాగకుండానే పెట్టేశాడు.

"తెలియక తిప్పినదానికి నిన్నేమీ అనను" అన్నాడు. "అది మేము నీకు చెప్పకపోవడం వల్ల జరిగింది. మేమిద్దరం ఒకర్నొకరు అడక్కపోవడం మా తప్పు, దాన్ని మేము మోస్తాం. కానీ ఆ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఉన్న తప్పు నీది, తల్లీ."

"మీరు వచ్చి సిద్కీ వాళ్ళతో..."

"నేను చెబితే అది నా మాటవుతుంది. నువ్వే వెళ్ళాలి."

పిన్ని తోడు వచ్చింది. దారంతా నాతో మాట్లాడలేదు. ఉన్ని పనివాళ్ళ సందు మొదట్లో ఆగి, "ఇక్కడే ఉంటా. వెళ్ళు" అంది. ఆఖరికి నవ్వను కూడా నవ్వలేదు. నేను రెండు నెలలు భయపడింది ఆ నవ్వుకి.

తలుపు సిద్కీ తల్లి తీసింది. తకియా నుంచి వచ్చానంటే ఆవిడ మొహం వెలిగింది. "సిద్కీ! నీ కోసం మనిషి వచ్చింది!" అని లోపలికి పరుగెత్తింది. ఆ వెలుగు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

అతను మోచేతుల దాకా సబ్బు నీళ్ళతో వచ్చాడు. నన్ను చూసి అలవాటుగా చూపు దించాడు. వెనక ఆవిడ. గడపకి ఇటు నేను.

కంఠతా పట్టుకొచ్చిన మాటలు మరిచిపోయాను. ఎలాగో చెప్పాను. రొట్టెల గంప, బురద, మా ఊరి మర్యాద. అక్కడ ఆపేస్తే సరిపోయేది. తెలియక చేసిన పిల్ల అని అతను క్షమించేసేవాడు. అందుకే ఆపలేదు.

"ఆ మధ్యాహ్నమే నాకు తెలిసింది. మీరు కుళాయి దగ్గర కూర్చోవడం కిటికీలోంచి చూశాను. తాతయ్య ఏమన్నా చెప్పాలా అని అడిగాడు. లేదన్నాను. సిగ్గేసి."

అతని చేతుల నుంచి నీళ్ళు గడప మీద కారుతున్నాయి.

"రెండు నెలలుగా నా తప్పు వెతుక్కుంటున్నాను" అన్నాడు మెల్లగా. "తొమ్మిది వందల ఎనభై మూడు రోజులు, ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాను. చారు మాడిన రోజు. నిద్రపోయిన రోజు. చాలా దొరికాయి. కానీ వాటికి ఇంత శిక్ష ఉండదు. చివరికి ఏదో తేలింది." ఆగాడు. "బావి దగ్గర నీ పుస్తకం ముట్టుకున్నాను కదా. చదివాననుకుని ఉంటారు, ఆడపిల్ల పరువు కోసం పైకి చెప్పకుండా పంపేసి ఉంటారు, అనుకున్నాను."

"మీరు చదవలేదు. నేను చూశాను. రాయి పెట్టారు."

"చూశావా?"

"చూశాను. అందుకే మీ జోళ్ళు..."

మిగతాది నోట్లోనే ఉండిపోయింది. అతను మొదటిసారి తల ఎత్తి సూటిగా నా మొహంలోకి చూశాడు. కోపం ఉంటుందేమో అనుకున్నాను. అలిసిపోయిన మనిషి కళ్ళు, అంతే.

"మళ్ళీ మొదటి రోజు నుంచి చేద్దామనుకున్నాను" అన్నాడు. "ఈ వసంతంలో వెళ్ళి గడప దగ్గర కూర్చుందామని. ఇప్పుడు ఆ గడపకి ముద్ర వేశారట కదా."

"వేశారు."

అతను తల ఊపాడు. తడి చేతులు గుడ్డకి తుడుచుకుని, వెనక్కి తిరిగి, పనిలోకి నడుస్తూ అన్నాడు.

"అమ్మా, తలుపు ముయ్యి."

మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. మూసేసింది.